ఏ పోగుకి ఆ పేరు

లోకంలో ప్రతి వస్తువుకీ ఒక పేరుంది. ఆ పేరుతోనే అది బతకాలి. బెల్లాన్ని బెల్లమనీ, శాకరిన్‌ని శాకరిన్ అనీ అమ్మాలి గాని, శాకరిన్ పొట్లం మీద చెరుకుగడ బొమ్మ వేసి అమ్మకూడదు. ఇదేమంత పెద్ద వేదాంతం కాదు. సంతలో గంప ముందు పెట్టుకుని కూచున్న ముసలమ్మకి కూడా తెలిసిన ధర్మమే. పుచ్చు వంకాయల్ని ఆవిడ వేరే కుప్ప పోసి, "ఇవి పుచ్చులు నాయనా, సగం ధరకి తీసుకుపో" అంటుంది.

ఈపాటి ధర్మం బట్టలకొట్టు గుమ్మం దాటి లోపలికి రాలేకపోతోంది. చెప్పులతో పాటు దాన్ని కూడా బయటే విడిచి వెళ్ళాలి కాబోలు!

బట్టల సంగతికి వచ్చేముందు నేతి సంగతి ఒకటి చెప్పాలి. వనస్పతి, అంటే మనవాళ్ళ నోట డాల్డా, దేశంలో వ్యాపించిన కాలంలో జనానికి పట్టుకున్న బెంగ ఒక్కటే. ఇది నేతిలో కలిపేస్తే కనిపెట్టడం ఎల్లాగ? రంగు అదే, పూస అదే, డబ్బాలో పేరుకునే తీరూ అదే. అప్పుడు ప్రభుత్వంవారు ఒక తమాషా అయిన నియమం పెట్టారు. వనస్పతి తయారుచేసే ప్రతివాడూ అందులో నూటికి 5 పాళ్ళు నువ్వులనూనె కలిపి తీరాలన్నారు. రుచి కోసమూ కాదు, బలం కోసమూ కాదు. నువ్వులనూనెకి ఒక గుణం వుంది. ఫర్‌ఫ్యూరాల్, హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పోసి కుదిపితే అది గులాబిరంగు తిరుగుతుంది. నెయ్యి మీద అనుమానం వస్తే పరీక్షనాళికలో పోసి కుదపడమే తరువాయి. దొంగ తనంతట తానే సిగ్గుతో ఎర్రబడతాడు.

ఇందులో కిటుకు గమనించారా? ఆ నువ్వులనూనెని నేతిలో కలపమనలేదు. "నువ్వు నెయ్యివేనని రుజువు చేసుకో" అని నెయ్యిని నిలబెట్టి అడగలేదు. వేషం వెయ్యగలవాడి మొహానే గుర్తు పెట్టారు. ఈ ముక్క కాస్త జ్ఞాపకం వుంచుకోండి. మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఇప్పుడు మీ వూళ్ళో ఏ బట్టలకొట్టుకైనా వెళ్ళండి. పరుపు మీద కూచోబెడతారు, మంచినీళ్ళిస్తారు, చీరలు జలపాతంలా కిందికి దూకిస్తారు. ఆడవాళ్ళు ఒక చీర చేతిలోకి తీసుకుని అడుగుతారు.

"ఇదేం బట్ట బాబూ?"

"సెమీ పట్టమ్మా."

"సెమీ అంటే?"

"పట్టులాంటిదేనమ్మా. కట్టుకుంటే ఎవళ్ళూ పోల్చలేరు."

"పోనీ, ఇదో?"

"కాటనేనమ్మా. కాటన్ మిక్సు."

"ఏం మిక్సయింది?"

ఇక్కడ కుర్రాడి చూపు పైన తిరిగే పంకా వైపు పోతుంది. అక్కడేమీ సమాధానం రాసి వుండదు. అంచేత ఇంకో చీర విప్పుతాడు.

సెమీ అంటే సగం అని ఇంగ్లీషు మేష్టారు చెప్పారు. సగం పట్టయితే రెండో సగం ఏమిటి? అసలు మొదటి సగమైనా పట్టేనా? ఎవరికీ తెలీదు. "కాటన్ లుక్" అంటాడు, అంటే చూడ్డానికి నూలు. "కాటన్ ఫీల్" అంటాడు, అంటే ముట్టుకుంటే నూలు. "పోచంపల్లి డిజైన్" అంటాడు, అంటే పోచంపల్లి తప్ప ఇంకెక్కడైనా తయారైంది. నేతి బీరకాయలో నెయ్యెంతో ఈ కాటన్ లుక్కులో కాటనూ అంతే. నేతి బీరకాయ పాపం ఎవర్నీ మోసం చెయ్యలేదు. దాన్ని ఎవడూ నేతి ధరకి అమ్మలేదు.

అన్నిటికన్నా ఘనమైన పేరు ఆర్ట్ సిల్క్. ఆర్ట్ అంటే కళ గదా, కళాత్మకమైన పట్టు కాబోలని మురిసిపోయి కొనుక్కున్న ఇల్లాళ్ళు ఎందరో! ఆ ఆర్ట్ కళ కాదండీ. ఆర్టిఫిషియల్ అనే మాటకి తోక కోసేస్తే మిగిలిన మొండెం. అంటే కృత్రిమం. చెప్పవలసిన నిజం చెప్పేశారు, చెప్పకుండా వుండవలసిన చోట ఆపేశారు! 1889లో పారిస్ ప్రదర్శనలో షార్డొనే అనే ఫ్రెంచి ప్రభువు ఈ కృత్రిమ పట్టుని లోకానికి చూపించాడు. 1892లో ఇంగ్లండులో క్రాస్, బెవాన్ అనేవాళ్ళూ వాళ్ళ సహచరుడూ కలిసి కర్రగుజ్జు నుంచి విస్కోస్ తీసే పద్ధతికి పేటెంటు పుచ్చుకున్నారు. చాలా ఏళ్ళు అది కూడా కృత్రిమ పట్టు పేరు మీదే బతికింది. చివరికి 1924లో అమెరికా వర్తకులు, "పట్టు పేరు మనకెందుకు?" అనుకున్నారో ఏమో, దానికి రేయాన్ అని సొంత పేరు పెట్టారు. అది జరిగి నూరేళ్ళు దాటింది. మన కొట్లలో ఆర్ట్ సిల్క్ ఇంకా ఆర్ట్ సిల్కే. పైగా ఈవేళ ఆ పేరు చెప్పి చేతికిచ్చేది తరచు రేయాన్ కూడా కాదు, పాలిస్టర్. దొంగపేరుకి కూడా దొంగ వారసుడు పుట్టాడన్నమాట.

ఇంతవరకు చదివి, "ఓహో, ఈయన రాట్నం బాపతు. మనల్నందర్నీ ముతక ధోవతులు కట్టుకోమంటాడు" అనుకుంటున్నారేమో. కాదు మహాప్రభో! కృత్రిమ నారల మీద నాకు పగ లేదు. అవి మనిషి తెలివికి నిదర్శనాలు. అమెరికాలో డ్యూపాంట్ వారి ప్రయోగశాలలో కెరోదర్స్ అనే రసాయనవేత్త 1935లో నైలాన్ తయారుచేశాడు. 1940 మే 15న అమెరికా అంతటా నైలాన్ మేజోళ్ళు అమ్మకానికి పెడితే ఆడవాళ్ళు బారులు తీరారు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు పాలిస్టర్ నార కనిపెట్టారు. అదే టెరిలిన్. తమాషా ఏమిటంటే వాళ్ళు కొలువు చేస్తున్నది నూలుబట్టల మీద అద్దకం వేసే కంపెనీలో! తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టారని నేననను. విద్య ఎక్కడ పుట్టినా విద్యే.

ఆ సరుకు మనదేశానికి వచ్చినప్పుడు ఎంత దర్జాగా వచ్చిందో పెద్దవాళ్ళనడగండి. 1960లలో, 70లలో టెరిలిన్ చొక్కా తొడుక్కున్నవాడు కాలరు సర్దుకుని, "ఇది టెరిలిన్" అని తనే చెప్పేవాడు. నైలెక్సు చీర కట్టిన కోడలు పేరంటంలో నాలుగు మాట్లు అటూ ఇటూ తిరిగేది. టెరిలిన్ సూటు కోసం పెళ్ళికొడుకులు అలకపాన్పు ఎక్కారు. నూలుబట్ట కట్టినవాడే ఒక మూల ఒదిగి నుంచునేవాడు. ఆనాడు టెరిలిన్ ఎవరి పేరూ అరువు తెచ్చుకోలేదు. తన పేరే తనకి బిరుదు.

మరీ ముఖ్యంగా ఆడవాళ్ళ మాట చెప్పుకోవాలి. నూలుచీర అందాన్ని గురించి మగవాళ్ళు పద్యాలు రాశారు గాని, దానికి గంజి పెట్టి, నీలిమందు వేసి, చాకిరేవు నుంచి వచ్చేదాకా కాచుకుని, ఇస్త్రీ చేయించిన బాధ పడింది ఇల్లాలు. పొద్దున్న ఉతికితే మధ్యాహ్నానికి ఆరిపోయే చీర దొరికినప్పుడు ఆవిడ అమ్మయ్య అనుకుంది. ఆఫీసుకి పరుగెత్తే ఆడకూతురికి ఈవేళా అది సుఖమే. ఆ సుఖాన్ని తప్పు పట్టడానికి గంజి గిన్నె ముట్టుకోని మగవాడికి హక్కేమిటి?

సముద్రపు ఒడ్డుకి వెళ్ళండి. నూలు వలలు, జనపనార వలలు ఉప్పునీళ్ళకి కుళ్ళిపోయేవి. నైలాన్ వల వచ్చి బెస్తవాళ్ళకి ఆ బెడద తప్పించింది. ఆ వలని ఎవడైనా "నూలు వలేనయ్యా, చూడ్డానికి అచ్చం నూలే" అంటూ అమ్ముతున్నాడా? లేదే! నైలాన్ వల అనే అడుగుతారు, నైలాన్ వల అనే ఇస్తారు. నిజంగా పనికొచ్చేచోట దానికి దొంగపేరు అక్కర్లేదు. ఒంటి మీదికి వచ్చేసరికే అవసరం పడింది. ఎందుకని?

ఎందుకంటే ఒంటికి లెక్కలు తెలుసు. మామూలుగా తేమ వున్న గాలిలో నూరు గ్రాముల పొడి నూలు సుమారు 8 గ్రాముల తేమ తనలోకి పీల్చుకుంటుంది. పట్టు 11 గ్రాముల దాకా, ఉన్ని 16 దాకా పీలుస్తాయి. నైలాన్ 4 గ్రాములతో సరిపెట్టుకుంటుంది. పాలిస్టర్ అర గ్రాము కూడా పుచ్చుకోదు. రోహిణికార్తెలో బెజవాడలోనో రామగుండంలోనో ఈ అర గ్రాము మాట వీపుకి అర్థమవుతుంది. చెమటని పీల్చకుండా పక్కకి తోసేసే గుణం పరుగుపందెం ఆడేవాడి బనీనుకి మేలు చేయవచ్చు. అందుకు తగ్గట్టు నేసిన బట్టలు వేరే వున్నాయి. పొయ్యి ముందు నుంచుని పదిమందికి వండే మనిషికి, ఎండలో నాట్లు వేసే మనిషికి దళసరి పాలిస్టర్ చీర తొడిగి, "నూలేనమ్మా" అంటే అది వ్యాపారమనిపించుకోదు.

పొయ్యి మాట వచ్చింది గనక ఇంకొకటి. నిప్పు తగిలితే నూలు కూడా అంటుకుంటుంది, ఆ మాటకొస్తే త్వరగానే అంటుకుంటుంది. కాని కాలి బూడిదవుతుంది. పాలిస్టర్, నైలాన్ కరుగుతాయి. కరిగి చర్మానికి అతుక్కుంటాయి. ఈ తేడా తెలుసుకుని వంటింట్లోకి వెళ్ళే హక్కు ప్రతి ఇల్లాలికీ వుందా లేదా? పేరు దాస్తే దాచింది ఒక్క పేరే కాదు, ఈ హెచ్చరిక కూడా.

కొనేవాళ్ళ గోడు ఇదయితే, నేసేవాళ్ళది ఇంకోటి. పోచంపల్లి, పుట్టపాక వైపు నేతగాళ్ళు నేసే చిట్కి బట్ట చూడండి. బట్ట నేశాక రంగు వెయ్యడం కాదు అది. నెయ్యకముందే, పోగులు పోగులుగా వున్నప్పుడే, ఎక్కడ ఏ రంగు రావాలో లెక్క కట్టి, అక్కడక్కడ గట్టిగా బిగించి కట్టి, ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, మళ్ళీ వేరేచోట కట్టి ఇంకో రంగులో ముంచుతారు. మగ్గమెక్కాక ఒక్కొక్క పోగునీ సరిచూసుకుంటూ నేస్తే అప్పుడు పువ్వు పువ్వులా కూచుంటుంది. అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. ఆ చెదురే దాని అందం. పోగే రంగు తాగింది గనక బట్టకి బోర్లా వెల్లకిలా తేడా వుండదు. మగ్గం ముందు ఒకడు కూచుంటే ఇంటిల్లిపాదీ పనిచెయ్యాలి.

ఆ పువ్వునీ, ఆ చెదురునీ కూడా ఫొటో తీసి, పాలిస్టర్ బట్ట మీద అచ్చు గుద్ది, తాన్ల లెక్కన లారీల్లో దింపుతున్నారు. దాని పేరూ పోచంపల్లే! పోచంపల్లి ఇక్కత్‌కి భౌగోళిక గుర్తింపు వుందనే సంగతి ఆ లారీకి ఎవరూ చెప్పినట్టు లేదు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. ఇక్కడ నక్క వాత పెట్టుకుని వూరుకోలేదు. పులి గుహ ముందే దుకాణం తెరిచింది.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖద్దరు వడికే ఆడవాళ్ళు వాలుగచేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ పళ్ళ సందుల్లోంచి వచ్చిన దూదితో నూరో నెంబరు నూలు కూడా తీస్తారు. యంత్రం ముందు నిలబెట్టి ధర విషయంలో ఈ మనిషిని పోటీ పడమనడం అన్యాయం. ఆవిడకి మిగిలిన ఆస్తి తన బట్ట పేరొక్కటే. ఆ పేరు కూడా ఇంకోడు వాడుకుంటే ఇక ఆవిడ దగ్గర అమ్మడానికి ఏముంది? అన్నట్టు, సభల్లో వేదికలెక్కే మన నాయకుల తళతళలాడే తెల్లచొక్కాల్లో ఖద్దరు ఎన్నో, ఖద్దరు లుక్ ఎన్నో ఆ దేవుడికే తెలియాలి.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదనడం అబద్ధం. 1985లో చేనేతకి కొన్ని రకాలు ప్రత్యేకించి చట్టం చేశారు. మొదట 22 రకాలన్నారు. మరమగ్గాలవాళ్ళు కోర్టుకెక్కారు. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. కాని ఆ 22 కాస్తా తరవాత 11కి దిగాయి. 2004లో పట్టుకి సిల్క్ మార్కు వచ్చింది. 2006లో చేనేతకి హ్యాండ్‌లూమ్ మార్కు వచ్చింది. 2015లో ఆగస్టు 7ని జాతీయ చేనేత దినోత్సవం చేసి, ఇంకో ముద్ర కూడా ఇచ్చారు. ముద్రలు పెరుగుతూనే వున్నాయి. 2009-10 నాటి గణనలో 43 లక్షల 31 వేలున్న చేనేత కార్మికులు మాత్రం 2019-20 గణనకి 35 లక్షల 22 వేలయ్యారు. ఈ తరుగుకి కారణం పాలిస్టర్ ఒక్కటే అననుగాక అనను. నూలు ధర వుంది, అప్పు వుంది, పిల్లలు వేరే ఉద్యోగాలకి పోవడం వుంది. కాని పేరు పోవడం కూడా వుంది.

ఇప్పుడు ఆ నువ్వులనూనె సంగతి మళ్ళీ తలుచుకోండి. ఈ ముద్రలన్నీ ఎవరి మెడలో వేశారు? నిజాయితీపరుడి మెడలో! పట్టు నేసినవాడు దరఖాస్తు పెట్టుకోవాలి, రుసుం కట్టాలి, బిళ్ళ తగిలించుకుని, "అయ్యా, నేను నిజంగా పట్టునేనండీ" అని తిరగాలి. పాలిస్టర్‌కి ఏ బిళ్ళా అక్కర్లేదు. ఏ పేరు కావాలంటే ఆ పేరు. ఇదెక్కడి న్యాయం? నేతి విషయంలో వున్న తెలివి నేత విషయంలో ఏమైంది? కొసన ఒక్క అక్షరమేగా తేడా!

దీనికి ఎదురుచెప్పేవాళ్ళున్నారు. వాళ్ళ మాటా వినాలి.

మొదటివారు, "బీదవాళ్ళు కొనగలిగింది పాలిస్టరే. మీరు వాళ్ళ నోట్లో మట్టి కొడతారా?" అంటారు. ఎవరొద్దన్నారు? రెండువందల చీర రెండువందలకే అమ్మండి. దాని పేరు పాలిస్టర్ అని చెప్పి అమ్మండి. బీదవాడికి నిజం తెలిస్తే అరగదా? రూపాయిని రెండుసార్లు లెక్కపెట్టుకునే మనిషికే అది దేనికిస్తున్నాడో అందరికన్నా ముందు తెలియాలి.

రెండోవారి మాట ఇంతకన్నా బరువైనది. "సిరిసిల్లని చూడండి. అక్కడ మరమగ్గాల మీద నేసేది ఎక్కువగా పాలిస్టరే. వాళ్ళూ నేతవాళ్ళే. ఒకప్పుడు పని దొరక్క, అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్న వూరది. వాళ్ళ కూడు పడగొడతారా?" అని. ఈ ప్రశ్నకి తల వంచే సమాధానం చెప్పాలి. ఆ కూడు నిలవాలి. కాని సిరిసిల్లవాడు పాలిస్టర్ నేసి పాలిస్టర్ అనే అమ్మితే నాకూ ఆయనకీ పేచీ ఏముంది? 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచింది. చేనేత చీరలు వస్తాయనుకుంటే పాలిస్టర్ చీరలు వచ్చాయని కొన్నిచోట్ల ఆడవాళ్ళు కోపంతో వాటిని తగలబెట్టారు. ఆ మంటలో కాలింది సిరిసిల్ల కార్మికుడి మర్యాద కూడా. ఇవి మన మరమగ్గాలవాళ్ళు నేసిన పాలిస్టర్ చీరలు, వాళ్ళకి పని దొరకాలని నేయించాం అని మొదటినుంచీ గట్టిగా, స్పష్టంగా అందరి చెవినా వేస్తే ఎంతమంది కాదనేవారు? నిజం చెబితే మన జనం అర్థం చేసుకుంటారు.

మూడోవారు పర్యావరణం పేరెత్తుతారు. "పత్తి మాత్రం పతివ్రతా? పురుగుమందుల పాపం ఎవరిది?" అంటారు. ఒప్పుకున్నాను. 1997-98లో వరంగల్లు జిల్లాలో పత్తిరైతులు పురుగుమందు తాగి చనిపోయిన సంగతి మరిచిపోతే మనం మనుషులం కాదు. ప్రకృతిలోంచి వచ్చినదంతా పుణ్యమూ కాదు, కొలిమిలోంచి వచ్చినదంతా పాపమూ కాదు. పాలిస్టర్ మూలం పెట్రోలియం. ఉతికినప్పుడల్లా దాని నుంచి కంటికి కనపడని తునకలు నీళ్ళలోకి పోతాయి, అవి మట్టిలో కలిసి మట్టి కావు. పత్తి తన అప్పు పొలంలో చేస్తుంది, పాలిస్టర్ చెరువులో చేస్తుంది. ఈ రెండు పద్దులూ తూచి చూసుకోవలసింది మనమే. సీసా మీద చీటీ చింపేసి మందుల్లో ఏది మంచిదో తేల్చుకోమంటే ఎల్లాగ? ప్రపంచంలో తయారవుతున్న నారలో ఇప్పటికే సగానికి పైగా పాలిస్టరే. పత్తి ఐదోవంతుకి దిగింది. అంత పెద్ద మహారాజుకి మారుపేరుతో తిరగవలసిన ఖర్మేమిటి?

ఇక నాలుగోవారు చిద్విలాసంగా నవ్వి, "చూడ్డానికి ఒకేలా వున్నప్పుడు ఏదైతేనేమండీ?" అంటారు. అన్నిటికన్నా ప్రమాదమైన మాట ఇది. ఇది ఎంతదాకా పాకిందో చెబుతాను.

1921లో బెజవాడలో కాంగ్రెసు సమావేశాలు జరిగినప్పుడు గాంధీగారికి జెండా నమూనా తయారుచేసి ఇచ్చినవారు పింగళి వెంకయ్యగారు. ఆయన్ని జెండా వెంకయ్య అన్నారు. ఆయనకి ఇంకో పేరు కూడా వుంది, పత్తి వెంకయ్య అని. కంబోడియా పత్తి మీద పరిశోధన చేసి సంపాదించుకున్న పేరది. పత్తి తెలిసిన మనిషి జెండా కుట్టాడన్నమాట! ఆ కాలంలో ఖద్దరు బట్ట రంగు పూసుకోవడానికి దొరికిన ఏదో ఒక గుడ్డ కాదు. ఎవరి చేత్తో వడికారు, ఎవరి మగ్గం మీద నేశారు అన్నదే ఆ జెండా చెప్పే సంగతి. చాలాకాలం మన నిబంధనలు కూడా చేతితో వడికి చేతితో నేసిన నూలు, పట్టు, ఉన్ని ఖద్దరుతోనే జాతీయపతాకం తయారుచెయ్యాలన్నాయి. 2021 డిసెంబరు 30న ఆ నియమావళి సవరించి పాలిస్టర్ జెండాలనీ, యంత్రంతో చేసిన జెండాలనీ అనుమతించారు. మరుసటి ఆగస్టులో ఇంటింటా జెండా ఎగిరింది. ఇంటింటా ఎగరడం మంచిదే. పాలిస్టర్ అని పేరు రాసి మరీ అనుమతించారు గనక ఆ నిజాయితీకి ఒక నమస్కారం కూడా పెడతాను. కాని రంగులు అవే, చక్రం అదే, పోగు మాత్రం వేరు. "చూడ్డానికి ఒకేలా వుందిగా" అన్న మాట జెండాకర్ర ఎక్కిందంటే ఇక చీరకొంగుని ఎవరు ఆపుతారు?

మరి ఏం చెయ్యమంటావయ్యా అంటారా? కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు. అమెరికాలో 1958లోనే చట్టం చేశారు. బట్టలో ఏ నార ఎంత శాతం వుందో దాని మీదే రాసి వుండాలి. ఆ చట్టానికి కోరలు కూడా వున్నాయి. 2022లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, రేయాన్‌ని వెదురుబట్ట అని అమ్మినందుకు రెండు పెద్ద దుకాణ సంస్థల మీద 55 లక్షల డాలర్ల జరిమానా పడేట్టు చేసింది. వెదురు గుజ్జుని రసాయనాల్లో కరిగించి తీసినప్పుడు అది రేయానే, వెదురు పేరు చెప్పుకోవడానికి వీల్లేదన్నారు. మన దేశంలోనూ 1988లో నియమాలు వచ్చాయి. ప్యాంటుగుడ్డ అంచున పాలిస్టర్ 67, విస్కోస్ 33 అని ముద్ర మీరు చూసే వుంటారు. ఖాదీ సంస్థలు కూడా పాలిస్టర్ కలిపిన బట్టకి పాలీవస్త్ర అని వేరే పేరు పెట్టుకున్నాయి. ప్యాంటుకి చెయ్యగలిగింది చీరకెందుకు చెయ్యలేరు? ప్రతి చీర అంచునా, ప్రతి ధోవతి కొసనా, ప్రతి చొక్కా మెడ దగ్గరా అందులో వున్నదేమిటో తెలుగులో అచ్చు వెయ్యాలి. కృత్రిమ నార కలిసిన బట్ట ఏదైనా ఆ ముద్ర లేకుండా కొట్లోకి రాకూడదు. గుర్తు పెట్టవలసింది నేతికి కాదు, వనస్పతికి. నా వాదమంతా ఇంతే.

ఆ రోజు వచ్చేదాకా ఇంట్లో పరీక్ష వుండనే వుంది. చీర అంచునించి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ళగిన్నె పక్కన పెట్టుకుని వెలిగించండి. నూలు కాగితంలా కాలి, కాగితం వాసన వేసి, మెత్తటి బూడిద రాలుతుంది. రేయాన్ కూడా అల్లాగే కాలుతుంది. అదీ చెట్టు బిడ్డే. పట్టు నెమ్మదిగా కాలుతూ వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది, మిగిలిన నల్లటి పూస వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని, కరిగి, నల్లటి పొగ వదిలి, చివర గట్టి పూస కడుతుంది. నలపబోతే నలగదు. పిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి. నూలూ పాలిస్టరూ కలిసిన బట్ట రెండు లక్షణాలూ చూపించి తికమక పెడుతుందని కూడా గుర్తుంచుకోండి.

కాని ఇది కొన్నాక చేసే శవపరీక్ష. కొనకముందు చేసేది ఇంకోటుంది, దీనికి అగ్గిపుల్ల ఖర్చు కూడా లేదు. ధర కుదిరాక, డబ్బు తీసేముందు, "బాబూ, బిల్లు మీద స్వచ్ఛమైన నూలు అని రాసి సంతకం పెట్టు" అనండి. పట్టయితే పట్టు అని రాయించుకోండి. నోటిమాట గాలికి పోతుంది. రాత మిగులుతుంది. ఉన్నది ఒకటి, రాసింది ఒకటి అయితే వినియోగదారుల చట్టం కింద అడగడానికి ఆ కాగితమే మీ చేతి కర్ర. 1986లో మొదలై 2019లో కొత్తరూపం పొందిన ఆ చట్టం వున్నదే ఇల్లాంటి వాటి కోసం.

అప్పుడు తమాషా చూడండి. అంతసేపూ నోటితో నూరుసార్లు "ప్యూర్ కాటనేనమ్మా" అన్న మనిషి, కలం చేతికిచ్చేసరికి యజమాని వైపు చూస్తాడు. యజమాని లెక్కల పుస్తకం వైపు చూస్తాడు. నిజమైన నూలు అమ్మేవాడు మాత్రం ఏ వైపూ చూడకుండా చకచకా రాసిచ్చేస్తాడు. ఆ కొట్టు గుర్తుంచుకోండి. వచ్చే పండక్కి అక్కడికే వెళ్ళండి.